రింగుల జుట్టూ, రోజూ నడకా



జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్నారు పెద్దలు. కాని రింగులు తిరిగి దట్టంగా పెరిగే జుట్టున్న అమ్మాయిని అడిగి చూడండి. "అందం సంగతి సరేనండీ, చిక్కు తియ్యలేక చస్తున్నాను" అంటుంది. అందులోనూ మన గూడూరులో పైన ఎండ, గాలిలో సముద్రపు తేమ. నాలుగడుగులు జోరుగా వేస్తే చాలు, తల చెమటతో తడిసిపోతుంది. మళ్ళీ తలంటుకోవాలి, మళ్ళీ గంటసేపు చిక్కు తియ్యాలి అని నడక మానేసే ఇల్లాళ్ళున్నారు. బళ్ళో కబాడీ, ఖోఖో మానేసే ఆడపిల్లలున్నారు.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. ఆఫ్రికా సంతతి స్త్రీల జుట్టు ఇంకా బిగువైన చుట్టలుగా వుంటుంది. అమెరికాలో వైద్యులు 103 మంది నల్లజాతి స్త్రీలను ప్రశ్నించి 2012లో ఫలితాలు ప్రకటించారు. నూటికి దాదాపు 40 మంది, జుట్టు పాడవుతుందని ఒక్కోసారి వ్యాయామం మానుకుంటున్నామన్నారు. 2011లో ఆ దేశపు సర్జన్ జనరల్ డాక్టర్ రెజీనా బెంజమిన్, ఆమె కూడా నల్లజాతి స్త్రీయే, ఒక కేశాలంకరణ ప్రదర్శనకు స్వయంగా వెళ్ళి, జుట్టు కోసం వ్యాయామం మానవద్దని చెప్పి వచ్చారు. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు, చక్కెరవ్యాధి మన జుట్టు చూసి ఆగవు కదా!

అసలు రింగుల జుట్టుతో తంటా ఎక్కడ? మాడున ఊరే జిడ్డు సాఫీ వెంట్రుక మీద కొసదాకా జారుతుంది. మెలికల వెంట్రుక మీద అంత సులువుగా జారదు. అందుకని కుదుళ్ళు జిడ్డుగా, కొసలు పొడిగా వుంటాయి. చెమట ఆరాక మిగిలే ఉప్పు ఆ కొసల్ని ఇంకా ఎండబెడుతుంది. చెమట పట్టింది కదా అని రోజూ షాంపూతోనో కుంకుడురసంతోనో రుద్దితే వున్న కాస్త జిడ్డూ పోతుంది.

కాబట్టి నడకకు ముందు జుట్టును వదులుగా జడ వేసుకోండి, లేదా కొప్పు చుట్టండి. బిగించి లాగి కడితే నొసటి దగ్గర వెంట్రుకలు ఊడి, క్రమంగా పలచబడతాయి. ఇంటికి రాగానే జడ విప్పి, మెత్తని గుడ్డతో మాడు మీద చెమట అద్ది, గాలికి ఆరనివ్వండి. చెమట మరీ ఎక్కువైతే వట్టి నీళ్ళతో కడిగితే చాలు. తలంటు వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

తలంటుకు ముందు కొసలకు కొబ్బరినూనె పట్టించండి. కడిగేటప్పుడు వెంట్రుకలోని మాంసకృత్తులు పోకుండా అది కాపాడుతుందని మన దేశపు పరిశోధకులు 2003లో చూపించారు. చుండ్రు వున్నవారు మాత్రం కుదుళ్ళకు నూనె పట్టించి రోజుల తరబడి వుంచకూడదు. చిక్కు తీసేది తడిగా వున్నప్పుడే, పెద్దపళ్ళ దువ్వెనతో, కొసల నుంచి పైకి. పొడిజుట్టును సన్నపళ్ళ దువ్వెనతో లాగితే తెగేదే ఎక్కువ. తువాలుతో రుద్దకుండా పాత నూలుచీర ముక్కతో పిండండి. చిరిగిన పట్టుచీర వుంటే తలగడకు గలీబు కుట్టండి. రాత్రి ఒరిపిడి తగ్గుతుంది.

మన ఊరు నిమ్మకాయలకు పెట్టింది పేరు. అయినా నిమ్మరసాన్ని తిన్నగా తలకు పట్టించకండి. మాడు మండుతుంది. ఆ రసం చర్మం మీద వుండగా ఎండలోకి వెళితే కాలినట్టు మచ్చలు పడతాయి.

ఇక సాఫీ చేయించుకుంటే ఈ గొడవే వుండదంటారా? వేడి ఇస్త్రీతో సాఫీ చేసిన జుట్టు ఒక్క చెమటకే మళ్ళీ ముడుచుకుంటుంది. మందులతో చేసేవాటిలో కొన్నింటి నుంచి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వెలువడుతుంది. అది కళ్ళకు, ఊపిరికి మంచిది కాదు.

ఆటకు వెళ్ళే మీ అమ్మాయితో "ఆ జుట్టేమిటే, పిచ్చుకగూడులాగా" అనకండి. ఆ ఒక్క మాటకే పిల్ల ఆట మానుకోవచ్చు. వదులుగా ఒక జడ వేసి పంపండి. తిరిగి వచ్చాక చిక్కు మీరే నెమ్మదిగా తీద్దురుగాని.