విందు భోజనము – ఆరోగ్యము



అతిథిసత్కారము మనకు వన్నె దెచ్చిన ధర్మము. అయినను మన వివాహపంక్తులలోని వంటకములు బంధువుల యాయువునకుఁ గీడు సేయుచున్నవేమో విచారింపవలసి యున్నది. చరకసంహితలో మితాశనమునకై "మాత్రాశితీయ" మను నధ్యాయమే కలదు.

పెద్దలకు దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడములు, వడియములు, ఊరుమిరపకాయలు ఒక్క విస్తరిలోఁ జేరిన నా హద్దు దాటుట యెంతసేపు? దానివలన రక్తపుపోటును, పోటువలన పక్షవాతమును, హృద్రోగమును గలుగును.

2022 జనవరి మొదలు మన దేశమున నూనెలలోను, వనస్పతిలోను ట్రాన్స్ కొవ్వు నూటికి 2 వంతులు మించరాదని శాసనము. కాని మరల మరలఁ గాఁగిన మూకుటి నూనెకు శాసనకర్త గృహస్థుఁడే.

కావున విందులలో వేఁపుడులు తగ్గించి, విద్యార్థి వసతిగృహమున ఆకుకూరపప్పు, మజ్జిగ నిత్యము నేర్పాటు చేయుఁడని పోషకులను బ్రార్థించుచున్నాము. వచ్చిన బంధువు నూఱేండ్లు మన పంక్తినిఁ గూర్చుండుటయే మనకుఁ గీర్తి.