తల్లి వెలిగించిన దీపము



సీమకు పోయి పేరు గాంచినవారి బిరుదులను మనము లెక్కింతుము. వాని వెనుక నున్న తల్లిదండ్రుల పూనికను, ఆనాటి ఇక్కట్లను తలంపము. అందుచే గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావుగారి యౌవనమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

వారు 1920 సెప్టెంబరు 10న బళ్లారి ప్రాంతపు హడగళిలో జన్మించిరి. ఎనిమిదవ సంతానమగుటచే కృష్ణుని పేరు పెట్టిరి. గూడూరు, నూజివీడు, మన కృష్ణకు ఆవలనున్న నందిగామ, విశాఖపట్టణములలో చదువు సాగినది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము వేకువజామున నాలుగు గంటలకు కుమారుని లేపి, నూనెదీపము వెలిగించి చదువునకు కూర్చుండబెట్టెడివారు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితవిద్య ముగియునప్పటికి ప్రపంచయుద్ధము చెలరేగియుండెను. సైన్యమునందు గణితజ్ఞుని కొలువునకై కలకత్తా పోయిరి, అది దొరకలేదు. అచ్చటనే మహలనోబిస్ పండితుని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, 1941 జనవరిలో చేరిరి. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడెను. 1943లో వంగదేశమును క్షామము పీడించెను. అట్టి దినములలోనే ఆయన పరిశోధన సాగించిరి.

మెతుకు పట్టి చూచి అన్నము ఉడికినదని చెప్పుట మన ఇల్లాండ్రు ఎరిగిన విద్యయే. కొన్నిటిని పరీక్షించి అన్నిటిని గూర్చి అంచనా కట్టునప్పుడు పొరపాటును ఏ హద్దునకు దిగువకు తగ్గింపజాలమో 1945లో ఆయన గణితముచే నిరూపించిరి. స్వీడను పండితుడు క్రామెర్ పేరు కూడ చేర్చి దానిని క్రామెర్-రావు హద్దు అందురు.

1946లో కేంబ్రిడ్జి చేరిరి. యుద్ధము గెలిచిన ఆ దేశమున, యుద్ధకాలమున సైతము లేని రొట్టె రేషను ఆ జూలైలోనే వచ్చినది. 1947 ఆరంభమున భయంకరమైన మంచు, బొగ్గు కొఱత. ఆ చలిదేశమున మ్యూజియమునందు, సూడానులోని జెబెల్ మోయాలో త్రవ్వితీసిన ప్రాచీనుల ఎముకల కొలతలను పరిశీలించుచు, ఫిషర్ పండితునివద్ద పరిశోధన చేసి, 1948లో డాక్టరు పట్టము పొంది, కలకత్తాకు మరలి వచ్చిరి.

2001లో పద్మవిభూషణ బిరుదము, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము లభించెను. ఆ యేటనే ఆగష్టు 22న, 102 ఏండ్ల వయస్సున దివంగతులైరి. అంతటి విద్వాంసుడు తన గ్రంథమును తల్లికి అంకితమిచ్చుచు, ఆ వేకువ దీపమునే స్మరించిరి.

సోదరులారా! ఆ దీపమునకు పట్టినది గరిటెడు నూనె. తల్లికి తప్పినది జామెడు నిద్ర. గ్రంథాలయము పుస్తకము నీయగలదు గాని, తెల్లవారుజామున బిడ్డను లేపజాలదు. ఆ పని ఇంటిది. పిల్లలకు దినమునకు ఒక్క గంట నిశ్శబ్దము నిండు. కుమారునకు వెలిగించిన దీపమునే కుమార్తెకును వెలిగింపుడు. ఇదియే నా విన్నపము.