అంబాసిడరు – సెల్టాస్



భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. అంతకు రెండేండ్ల ముందు, 1957లో, బెంగాలులోని ఉత్తరపాడాలో హిందూస్థాన్ మోటార్స్ వారి అంబాసిడరు కారు వెలువడినది. దశాబ్దములపాటు సర్కారు కొలువునకు అదియే గుర్తు. 2014లో దాని తయారీ నిలిచిపోయినది.

నేటి ఎస్.యు.వి.కి ఉదాహరణ తెలుగునేలలోనే గలదు. నాటి అనంతపురము జిల్లాలోని పెనుకొండ వద్ద కియా కర్మాగారమునుండి 2019లో సెల్టాస్ వెలువడినది. నాటి సెల్టాస్, అంబాసిడరు పొడవున ఇంచుమించు సమానములే. అంబాసిడరు పెట్రోలు ఇంజిను 1489 సి.సి., సెల్టాస్‌ది 1497 సి.సి. అయినను కొత్తదాని శక్తి రెండింతలకు మించినది.

పాతదానికొక సుగుణము కలదు. ఏ ఊరి మెకానిక్ అయినను కొద్దిపాటి పనిముట్లతో దానిని బాగుచేయగలిగెడివాడు. కొత్తదాని లోపము కనుగొనుటకే కంప్యూటరు కావలెను.

అయితే, రేకు మందము గనుక పాత కారే భద్రమను మాటను ఉక్కునెరిగిన ఈ ఊరివారు తరచి చూడవలెను. గుద్దుకొన్నపుడు నలుగని ఇనుము ఆ దెబ్బను లోపలివారికే చేర్చును. కొత్త కారు ముందుభాగము నలుగుటకే నిర్మితమైనది. అది దెబ్బను మ్రింగగా, మనుషులు కూర్చున్న భాగము నిలుచును.

కాని బెల్టు కట్టుకొననివారికి ఈ ఏర్పాటు పూర్తిగా అక్కరకు రాదు. వెనుక సీటున కూర్చున్న అమ్మమ్మలకును, తాతగార్లకును ఈ మాట చెప్పి, బెల్టు కట్టిన పిదపనే బండి కదల్చుడు.