గీతకూ గణనకూ ఒకే బల్ల

మన ఇళ్లలో చిత్రలేఖనం కాలక్షేపమనీ, కంప్యూటర్ ఉద్యోగమార్గమనీ వేరుచేసి చూస్తున్నాము. ఈ విభజన పిల్లలకు నష్టమని మేము భావిస్తున్నాము. హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలపై రంగు పలకల అల్లికను చూడండి. ఆ పనివారికి కొలతా కళా వేరు కావు.

ఇదే పనిని తరగతిలోకి తేవడానికి ఉచితంగా లభించే స్క్రాచ్ చాలు. పిల్లలు ముందు కాగితంపై స్కేలు, కోణమానినితో ఎనిమిది మొనల నక్షత్రం గీయాలి. పిదప తెరమీది పిల్లిబొమ్మకు ఆజ్ఞలివ్వాలి: కలం దించు, 100 అడుగులు నడువు, 135 డిగ్రీలు తిరుగు. నడక, మలుపు 8 మార్లు సాగితే నక్షత్రం పూర్తవుతుంది. 135కు బదులు 45 వేస్తే అష్టభుజి వస్తుంది. ఎందుకట్లు? 8 మార్లు 135 అంటే 1080, అనగా మూడు పూర్తి చుట్లు. 45తో ఒక్క చుట్టే.

ఇంటర్నెట్ లేకున్నా ఇది నడుస్తుంది. నలుగురికి ఒక యంత్రమైనా ఫరవాలేదు. అయితే మౌసు మగపిల్లల చేతిలోనే ఉండిపోతుంది. ఉపాధ్యాయులు వంతులు వేయాలి. మెహెందీ పెట్టే ఆడపిల్లలకు సౌష్ఠవం ఇదివరకే చేతికి తెలుసు.

పదో తరగతి మార్కులకు పనికివస్తుందా అన్న తల్లిదండ్రుల ప్రశ్న న్యాయమైనదే. కోణాలు పరీక్షలోనూ వస్తాయి. కాని కంప్యూటర్ గదికి తాళం వేసిన బడిలో ఈ చర్చకే తావు లేదు. రాబోయే పాఠశాల కమిటీ సమావేశంలో ఆ తాళంచెవి ఎవరివద్ద ఉన్నదో ముందుగా అడుగుదాము.