బొమ్మల పుస్తకములు - బాలబాలికల భేదము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



 ఇట్టి సభలలో ప్రబంధములను గూర్చియో, పదకవులను గూర్చియో ప్రసంగించుట మన ఆచారము. నేడు నేను అంతకంటె మిక్కిలి చిన్న పుస్తకములను గూర్చి చెప్పదలచితిని. పదునారు పుటలు, పుటకొక బొమ్మ, బొమ్మ క్రింద ఒకటి రెండు వాక్యములు. మన ఇండ్లలో మూడు మొదలు ఆరేండ్ల వరకు గల పిల్లల చేతులలో నలుగు పుస్తకములివి. పుస్తకము చిన్నదైనను అది చేయు పని చిన్నది కాదు.

శిశువు అక్షరముకంటె ముందు బొమ్మను చదువును. మూడవ యేడు వచ్చునప్పటికే తాను ఆడపిల్లయో మగపిల్లవాడో చాలవరకు ఎరుగును. ఆ పేరు తనకేమి తెచ్చిపెట్టునో, ఏమి దూరము చేయునో మాత్రము ఇంకను తెలియదు. అది తెలిసికొనుటకే ఇంటిలో చూచును, వీధిలో చూచును, బొమ్మలో చూచును. "ఆడపిల్ల చెట్టెక్కరాదు" అని ఏ పుస్తకమును వ్రాయనక్కరలేదు. చెట్టుమీద ఎల్లప్పుడును బాలుని, క్రింద నిలిచి చూచుచున్న బాలికను గీసిన చాలును. ఒక్క బొమ్మ వలన హాని లేదు. ఇరువది పుస్తకములలో అదే బొమ్మ కనబడినప్పుడు అది లోకధర్మమని తోచును.

ఇది కేవలము ఊహ కాదు. అమెరికాలో ఉత్తమమైన బొమ్మల పుస్తకమునకు 1938 నుండి ఏటేట కాల్డెకాట్ పతకము నిచ్చుచున్నారు. లెనోర్ వైట్స్‌మన్ అను సమాజశాస్త్రవేత్తయు, ఆమె సహచరులును ఆ గౌరవము పొందిన పుస్తకములను పరిశీలించి 1972లో ఒక వ్యాసము ప్రకటించిరి. అంతకు ముందటి ఐదేండ్ల పుస్తకములలో పురుషుల బొమ్మలు 261. స్త్రీల బొమ్మలు 23. ఆడ మగ స్పష్టముగా తెలియు జంతువులను లెక్కించగా, ఒక ఆడజంతువునకు 95 మగజంతువులు తేలినవి! ఉద్యోగము చేయు స్త్రీ ఒక్కతెయు కానరాలేదు. ఆ చిత్రకారులు స్త్రీలపై ద్వేషముతో అట్లు గీసిరని చెప్పుటకు వీలులేదు. అలవాటు చొప్పున గీసియుందురు. అలవాటు కంటికి కనబడదు. కనుకనే లెక్కింపవలసి వచ్చినది.

జంతువుల మాట వచ్చినది గనుక మన భాషలోని ఒక విశేషమును మనవి చేసెదను. "నక్క వచ్చినది" అని తెలుగులో అన్నచో ఆ నక్క ఆడదో మగదో క్రియను బట్టి తెలియదు. ఇంగ్లీషు కథకుడు తరచుగా 'హీ' యనియో 'షీ' యనియో తేల్చుకొనవలసిన చోట తెలుగు తల్లికి ఆ నిర్బంధము లేదు. ఐనను మనమూరకుండక నక్కబావ, కోతిబావ, ఎలుగుబంటి మామ అని వరుసలు కలిపితిమి. ఆడవారికి కాకమ్మ, చిలకమ్మ, పిచ్చుకమ్మ మిగిలిరి. భాష ఇచ్చిన స్వేచ్ఛను వరుసలు కొంత హరించినవి. వరుసలు మధురమైనవే, వానిని విడువవలదు. కాని ఒకనాటి రాత్రి నక్కబావకు బదులు నక్కత్త అడవిలోనికి బయలుదేరినచో కథకేమి లోటు?

ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగును, బాపు గారు గీసిన ఆ బొమ్మలను ఎరుగని తెలుగువారరుదు. బుడుగు అల్లరి మనకెంతో ముద్దు. సీగానపెసూనాంబయే అల్లరికి నాయికయై, ఆమె పేరుతోనే పుస్తకము వెలువడియుండినచో మనము అంత ముద్దుగాను నవ్వియుందుమా? ఈ ప్రశ్న రచయితకు కాదు, పాఠకులమైన మనకు.

చదువు విషయమున మన దేశము ఈ సమస్యను ఏనాడో విచారించినది. 1958లో భారత ప్రభుత్వము నియమించిన స్త్రీవిద్యా జాతీయ సంఘమునకు అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. బాల్యముననే బాలికలకు హిందీ పాఠశాల నడపి, పిదప 1948లో ఢిల్లీ ఆంధ్రుల పిల్లలకై ఆంధ్ర విద్యాసంఘమును నెలకొల్పిన మహనీయురాలామె. అటుపిమ్మట హంసా మెహతా గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము, బాలబాలికలకు వేర్వేరు పాఠ్యక్రమములు ఉండవలెనా యని విచారించి, ఆడ మగ యను భేదమును బట్టి పాఠ్యక్రమమును విభజింపరాదని 1964లో నివేదించినది. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో మొదటి అధికరణమున, పురుషులను మాత్రమే సూచింపగల పదమును తీయించి 'మానవులందరు' అను అర్థమిచ్చు పదమును చేర్పించిన విదుషీమణి ఈమెయే. గుజరాతీ భాషలో పిల్లలకు కథలు వ్రాసినదియు ఈమెయే. ఒక్క పదము ఎంత పని చేయగలదో ఆమె యెరుగును.

పాఠ్యక్రమము ఒకటి కావలెనని పెద్దలు తేల్చిరి. బొమ్మ మాత్రము వెంటనే మారలేదు. ఒకే బల్లపై కూర్చుండి ఒకే పాఠము చదువు అన్నాచెల్లెండ్రకు ఆ పాఠము ప్రక్కనున్న బొమ్మ వేర్వేరు పాఠములు చెప్పుచుండెను.

ఇటీవల ఈ స్థితి కదలుచున్నది. 2019లో మహారాష్ట్రలోని బాలభారతి సంస్థ రెండవ తరగతి పుస్తకములో తల్లియు తండ్రియు కలిసి కూరగాయలు బాగుచేయుచున్నట్లు బొమ్మ వేయించినది. 2024లో కేరళ రాష్ట్రపు మూడవ తరగతి పుస్తకములో తండ్రి వంటయింట కూర్చుండి కొబ్బరి తురుముచున్నాడు. ఇంగ్లీషున మహాశ్వేతాదేవి గారు వ్రాయగా 2003లో చెన్నైలోని తూలిక సంస్థ ప్రకటించిన 'ది వై వై గర్ల్' అను పుస్తకములో మొయినా యను శబర బాలిక ప్రతిదానికిని "ఎందుకు?" అని అడుగును. మేకలను కాచి వచ్చిన పిదప తనకు చదువుకొన వీలగునట్లు బడి వేళను ఎందుకు మార్చరాదని కూడ అడుగును. ఆమె అణకువను మెచ్చుకొనుటకు వ్రాసిన కథ కాదది. ఆమె ప్రశ్నయే కథను నడపును.

ఈ మార్పు విషయమున పెద్దలు రెండు సందేహములు వెలిబుచ్చుచుందురు.

మొదటిది: "ఇంటిలో వంట తల్లియే చేయుచుండగా తండ్రిని గీయుట అసత్యము కాదా?" అని. మన వసతిగృహములనే చూడుడు. ఉదయము తొమ్మిది గంటలకు ఎందరు తల్లులు చేసంచి తగిలించుకొని కార్యాలయమునకు బయలుదేరుట లేదు? పాత పుస్తకములోని తల్లి ఏనాడును గడప దాటలేదు. కాబట్టి ఆ పాత బొమ్మయు పూర్ణసత్యము కాదు. ఇక సాయంకాలమైనంతనే ఆ తల్లియే పొయ్యి వెలిగించుట, తండ్రి వార్తాపత్రిక విప్పుట అనేక గృహములలో సత్యమే. ఇచటనే అసలు చిక్కున్నది. కేరళ పుస్తకములోని బొమ్మను చూచిన పిల్ల, "నాన్నా, నీవెందుకు కొబ్బరి తురుమవు?" అని అడుగును. ఆ ప్రశ్నయే ఆ పుస్తకమునకు ఫలము. దానిని కసరి అణచితిమా, "బొమ్మ బొమ్మయే, ఇల్లు ఇల్లే" అని పిల్ల నేర్చుకొనును. అప్పుడు ఎంత మంచి పుస్తకమైనను వ్యర్థమే. పిల్లలు బొమ్మను చూచి ఇంటిని పరీక్షింతురు. ఇంటిని చూచి బొమ్మను పరీక్షింతురు. రెండును ఒకదానినొకటి కాదన్నప్పుడు ఇల్లే గెలుచును.

రెండవ సందేహము: "మగపిల్లలు సుకుమారులై పోరా?" అని. రుచియైన భోజనమును నలభీమపాకమని మెచ్చుకొనుట మన జాతికి అలవాటు. నలుడు మహారాజు; భీముడు విరాటుని కొలువున వలలుడను పేర గరిటె పట్టిన మహావీరుడు. గరిటె పట్టుటచే వారి పౌరుషమునకు కొరత రాలేదు. మరియొక మాట. పాత బొమ్మలు బాలికనే కాదు, బాలుని కూడ వంచించినవి. వాటిలో మగపిల్లవాడు ఏడ్వరాదు, భయపడరాదు, చంటిపాపను ఎత్తుకొనరాదు. సంతలో లక్కపిడతలు చూచి ముచ్చటపడిన బాలుని చేయి పట్టి బొంగరముల వైపు లాగుకొనిపోవుదుము. పెద్దవాడై తండ్రియైన పిమ్మట, "ఇతనికి బిడ్డను లాలించుట రాదు" అని మనమే ఆక్షేపింతుము. నేర్పనిది ఎట్లు వచ్చును?

కనుక మనము చేయదగినది ఏమి? పాత పుస్తకములను పారవేయుడని నేను చెప్పను. వానిని పిల్లలతో కూర్చుండి చదువుడు. "ఈ పుస్తకములో పరుగెత్తువారెందరు? చూచుచు నిలిచినవారెందరు? వారిలో ఆడపిల్లలెందరు?" అని వారిచేతనే లెక్క పెట్టింపుడు. నాలుగేండ్ల పిల్లకు అంకెలు వచ్చును, న్యాయమును కొంత తోచును. రాత్రి కథ చెప్పు పని తల్లికే విడువక తండ్రులు కూడ వంతు తీసికొనుడు. తండ్రి ఒడిలో కూర్చుండి బాలిక సాహసకథ వినుట బాలునకును బాలికకును సమానముగా మేలు.

మన సంఘ గ్రంథాలయములో నవలలకున్న బీరువాలతో పాటు క్రింది అరను పిల్లల చేతికి అందునట్లు బొమ్మల పుస్తకములకు కేటాయింపవలెనని కార్యవర్గమునకు మనవి. తూలికయు, 2004లో బెంగుళూరున ప్రారంభమైన ప్రథమ్ బుక్స్ సంస్థయు తెలుగులో కూడ ఇట్టి పుస్తకములు వెలువరించినవి. రాష్ట్రమునకు దూరముగా పెరుగుచున్న మన పిల్లలు తెలుగును నేర్చుకొనుటకే వానిని కొనుచున్నాము. ఆ తెలుగుతో పాటు వారు ఏమి నేర్చుకొనుచున్నారో కూడ చూచుట మన విధి.

మన కుమార్తెలు ఇచటి పాఠశాలలలో పరీక్షలలో గెలుచుచున్నారు, ఉద్యోగములలో చేరుచున్నారు. వారి సామర్థ్యమును గూర్చి మనకు సందేహము లేదు. అట్లుండగా మూడవ యేట వారి చేతికిచ్చు మొదటి పుస్తకమున వారిని చెట్టు క్రింద నిలుపనేల? కొమ్మమీద చోటు చాలగలదు. అన్నను కొంచెము జరుగుమనుడు, చెల్లెలు కూడ ఎక్కును.