చీకటి కావలెను: రేపటి దూరదర్శినులు
(ఇచ్ఛాపూర్‌లో తెలుగు ఉద్యోగుల సభయందు చేసిన ఉపన్యాసము)



సూరత్ నగరమునకు పడమట, హజీరా మార్గమున నున్న ఈ ఇచ్ఛాపూర్‌లో వజ్రాభరణముల పరిశ్రమకు ప్రత్యేక వాటిక వెలసినది. కనుక ఇచ్చటి వారికి ఒక సంగతి ప్రీతి గొలుపగలదు. లడఖ్‌లోని హాన్లే వద్ద 2024 అక్టోబరు 4వ తేదీన ప్రారంభమైన ‘మేస్’ దూరదర్శిని అద్దములు గాజువి కావు. వజ్రపు మొనగల పనిముట్టుతో చెక్కి నునుపు చేసిన లోహపు పలకలు. అట్టివి 1,424 చేరి, 21 మీటర్ల వ్యాసముగల ఒకే దర్పణమువలె పనిచేయుచున్నవి. భాభా అణుపరిశోధన కేంద్రము నిర్మించిన ఈ యంత్రమునకు హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ తోడ్పడుట తెలుగువారికి గర్వకారణము.

ఈ యంత్రము చూచునదేమి? అంతరిక్షమునుండి వచ్చు గామా కిరణములు నేలను చేరవు. అవి వాయుమండలమును తాకగానే కణముల జల్లు పుట్టును. దానినుండి నీలి మెరుపు వెలువడును. ఆ మెరుపు నిలుచునది సెకనును వంద కోట్ల భాగములు చేసిన, అందు కొన్ని భాగముల కాలము మాత్రమే. దానిని పట్టుటకు 4,270 మీటర్ల ఎత్తు, పలుచని గాలి, అన్నిటికంటె మిన్నగా చీకటి కావలెను.

చీకటి విలువను హైదరాబాదు ఏనాడో గుర్తించినది. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల, తరువాత బేగంపేటనుండి ఆకాశమునకు ఛాయాచిత్రములు తీసి, ప్రపంచ నక్షత్ర పట్టికకు లక్షలాది తారల స్థానముల నందించినది. ఊరు పెరిగినది, దీపములును పెరిగినవి. 48 అంగుళముల దూరదర్శినిని 1968లో నగరమునకు దూరముగా రంగాపురమున నిలిపిరి. నిజామియాలో పనిచేసిన తండ్రి చెంత నక్షత్రములను చూచుచు పెరిగిన వైణు బప్పు, తమిళనాడులోని జవ్వాది కొండలయందు కావలూరును ఎన్నుకొనెను. ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శిని 1986లో ప్రారంభమగునప్పటికి ఆయన లేడు. ఆయన పేరు దానికి నిలిచినది.

ఇప్పుడు చిలీ దేశమున 39 మీటర్ల దర్పణముతో మహాయంత్రము నిర్మాణమగుచున్నది. 30 మీటర్ల దూరదర్శిని యత్నమున భారతదేశమును భాగస్వామియే. కాని హవాయిలోని మౌనా కియా పర్వతమును పవిత్రముగా నెంచు స్థానికుల అభ్యంతరముచే అచ్చట పని సాగలేదు. శాస్త్రము ఎంత గొప్పదైనను, కొండపై బ్రదుకు మనుష్యుల మాట వినక తప్పదు. హాన్లేలో 2022లో చీకటి ఆకాశ రక్షితప్రాంతము ఏర్పడినది. గ్రామస్థులే దీపములకు మరుగులు పెట్టి, వచ్చినవారికి నక్షత్రములను చూపుచున్నారు.

దర్పణమును పెంచవచ్చును, చీకటిని కర్మాగారమున చేయజాలము. పాలపుంతను ఎన్నడును చూడని బిడ్డకు ఖగోళశాస్త్రముపై మక్కువ కలుగుట ఎట్లు? ఇంటి దీపపు వెలుగును నేలవైపునకు త్రిప్పుట కష్టము కాదు. సెలవులకు స్వగ్రామము పోయినప్పుడు, అమావాస్యనాటి రాత్రి పిల్లలను డాబామీదికి గొనిపోయి సప్తర్షులను చూపుటయు కష్టము కాదు. రేపటి దూరదర్శినులకు కన్ను పెట్టువారు ఆ పిల్లలలోనే యున్నారు.