తుప్పుకి అతుక్కుపోయిన బ్రేక్ డిస్క్ తీయడం

ఈ కారు వైజాగ్‌లో సముద్రం పక్కనే ఉంటుంది. ఉప్పుగాలికి ముందు చక్రం డిస్క్ తుప్పు పట్టి హబ్‌కి అతుక్కుపోయింది. బండి స్టాండ్ మీద ఉంది, జాకీని నమ్ముకోలేదు. కాలిపర్ తీసి, హోస్ మీద బరువు పడకుండా తీగతో స్ప్రింగుకి కట్టాను. బ్రాకెట్టూ, డిస్క్‌ని పట్టుకున్న చిన్న స్క్రూ కూడా తీసేశాను. అయినా కదలట్లేదు.

ఇక్కడే చాలామంది పెద్ద సుత్తి అందుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే బాదాను. డిస్క్ వచ్చింది గానీ, వారం తిరక్కుండా బేరింగ్ మోత మొదలైంది!

ఇదిగో, దగ్గరగా చూడండి. డిస్క్ మీద ఎదురెదురుగా రెండు మరల చిల్లులున్నాయి కదా? అవి ఉత్తినే పెట్టలేదండీ. చాలా కార్లలో వీటికి 8 ఎం.ఎం. బోల్టులు పడతాయి. ముందు హబ్ చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, టీ తాగి రండి. తర్వాత దీన్ని అర చుట్టు, దాన్ని అర చుట్టు, అలా మార్చి మార్చి బిగించండి. ఒకదాన్నే బిగిస్తే డిస్క్ ఒకవైపే లేచి ఇంకా బిగుసుకుంటుంది.

టప్‌మంది, విన్నారా? వచ్చేసింది.

కొత్తది వేసేముందు హబ్‌ని వైర్ బ్రష్‌తో బాగా రుద్దండి. తుప్పు పొర మిగిలితే డిస్క్ వంకరగా కూర్చుని, బ్రేక్ తొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. సరే, ఇక బ్రష్ అందుకుందాం.